అక్క కట్టుకెళ్లిన పేరు

ఆస్పత్రి వెనకాల, జనరేటర్ గదికీ మందుల గోడౌనుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి రేకుల షెడ్డులో దుప్పట్లమ్మ పనిచేస్తుంది. దుప్పట్లమ్మ అన్నది నర్సులు పెట్టిన పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని నేనిక్కడ చెప్పను. ఇప్పటికే ఆ పేరు పడ్డ పాట్లు చాలు.

వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లూ ఆపరేషన్ గౌన్లూ బ్లీచింగు నీళ్లలో ఉడికి, పిండించుకుని, ఆమె దగ్గరికి చేరతాయి. ఆవిరి రోలర్ కింద అంచు పెట్టి, అవతలి నుంచి పొగలు కక్కుతున్న గుడ్డను లాగి, అరచేత్తో సాపు చేసి మడత పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లు చేతులకు గుడ్డ చుట్టుకుంటారు. ఆమె చుట్టుకోదు. చుట్టుకుంటే అంచు చేతికి తెలియదంటుంది. అది పనితనమో మొండితనమో చెప్పడం కష్టం. ఆమె పుట్టింటివాళ్లకు ఆ రెంటికీ పెద్ద తేడా లేదు. అలా ఏళ్ల తరబడి లాగీ లాగీ ఆమె వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి.

ఇన్నేళ్లూ ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. రేపు మాపు అంటూ నెట్టుకొచ్చారు. ఈ ఏడు మాత్రం లాండ్రీని బయటి కంపెనీకి అప్పజెపుతున్నామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాతవాళ్లను పర్మినెంటు చేసి వార్డుల్లోకి తీసుకుంటారట. కాగితాలు సరిగా లేనివాళ్లు ఇంటికి పోవాలట. దుప్పట్లమ్మకు బెంగేం లేదు. పదో తరగతి పాసైన మనిషి. అసలు సర్టిఫికెట్‌ను చెదలు తినేస్తే బడికి వెళ్లి నకలు తెచ్చి ఎప్పుడో దాచుకుంది.

కాగితాల తనిఖీ రోజున ఆస్పత్రి ఆఫీసులో కళ్లజోడు గుమాస్తా వేలిముద్రల మిషన్ ముందుకు తోశాడు. "వేలు తుడిచి పెట్టమ్మా."

"తుడిచే పెట్టాను సార్."

"ఇంకో వేలు."

పది వేళ్లూ అయ్యాయి. మిషన్ ప్రతిసారీ ఎర్రలైటు వేసి కీచుమంది. "కాలివేళ్లు కూడా పెట్టమంటారా?" అని అడిగింది. గుమాస్తా నవ్వలేదు. పేరూ పుట్టినరోజూ కంప్యూటర్‌లో కొట్టి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నువ్వు ఇప్పటికే పర్మినెంటువే కదమ్మా! వేరే ఊళ్లో, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషివి. ఇదే పేరు, ఇదే తండ్రి పేరు, ఇదే పదో తరగతి నంబరు. ఆవిడ వేలిముద్రలు నిక్షేపంగా ఉన్నాయి. నీకసలు ముద్రలే లేవు. మరి మీ ఇద్దరిలో దొంగ ఎవరు?" అంటూ తెరను ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఒక ఆడమనిషి ఫొటో. చెంపలు జారాయి, పాపిట దగ్గర నెరిసింది. కానీ ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేపి, ఫొటో తీసేవాణ్ని కూడా మందలిస్తున్నట్టు చూసే ఆ చూపు ఇంకెవరికీ లేదు.

ఉద్యోగం పోతుందని చెబుతుంటే మనిషన్నవాడు ఏడవాలి. దుప్పట్లమ్మ మాత్రం ముఖం నిండా నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమాస్తా ఈవిడకు మతి చలించిందనుకున్నాడు.

"ఈవిడెవరో తెలుసా?"

"తెలీదు సార్" అంది. కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, జనరేటర్ గది గోడకు చేరబడి, ఉంది, ఉంది, బతికే ఉంది అని తనలో తను అనుకుంటూ ఉండిపోయింది. నెలాఖరులోగా తను తనేనని రుజువు చేసుకోకపోతే పైవాళ్లు కేసు పెడతారని గుమాస్తా వెనకనుంచి చెప్పినమాట సగమే చెవిన పడింది.

ఆ ఫొటోలోది ఆమె అక్క. తోడబుట్టిన అక్క.

నాన్న తాపీమేస్త్రి. పని ఎక్కడుంటే అక్కడ గది. అలాంటి ఇంట్లో ఏదొచ్చినా ఇద్దరు పిల్లలకూ కలిపి ఒకటే. ఒకటే గొడుగు, ఒకటే మంచి చెప్పుల జత, ఒకటే పూలగౌను. అమ్మ పెట్టిన పద్ధతి వంతు. ఇవాళ పెద్దదాని వంతు, రేపు చిన్నదాని వంతు. చెప్పులు అక్క కాలికి బిగుతు, చెల్లి కాలికి వదులు. అయినా ఎవరూ కిక్కురుమనేవారు కాదు. వంతు అంటే వంతే.

పదో తరగతి మాత్రం వంతులవారీగా రాలేదు. అక్క రెండుసార్లు తప్పింది, చెల్లి మొదటిసారే గట్టెక్కింది. నాన్న ఇరుగుపొరుగును పిలిచి మరీ, "చిన్నదాన్ని చూసి సిగ్గు తెచ్చుకోవే" అన్నాడు. మర్నాడు పొద్దున లేచేసరికి అక్క లేదు. వెతికించడం పోయి, దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే ఊరుకోనని నాన్న శాసనం చేశాడు. ఎవరూ ఎత్తలేదు. నాన్న పోయాక కూడా అమ్మ నోట ఆ పేరు రాలేదు. అలవాటు తప్పిన పేరు గొంతులోనే ఉండిపోయింది కాబోలు.

దుప్పట్లమ్మ మాత్రం వెతుకుతూనే ఉంది. బస్సులో ముందు సీట్లో ఎవరైనా అక్కలా ఎడమ భుజం మీదికి జడ వేసుకుని కూర్చుంటే, దిగాల్సిన చోట దిగకుండా ఆ ముఖం కనబడేదాకా వెళ్లేది. ఆస్పత్రికి ఎవరూ రాని ఆడమనిషి శవం వచ్చిందని తెలిస్తే, మీద కప్పే దుప్పటి తనే తీసుకెళ్లేది. తోటి పనివాళ్లు ఎంత పుణ్యాత్మురాలో అనుకునేవారు. పుణ్యమా పాడా, ఆమె వెళ్లేది ముఖం చూడ్డానికి. అక్క కాదని తెలిసి ఊపిరి పీల్చుకునేది. ఆ వెంటనే, మరెక్కడున్నావే తల్లీ అని మళ్లీ బస్సుల్లో ముఖాలు వెతికేది. లాండ్రీలో చిన్నవాళ్లంతా ఆమెను అక్కా అని పిలుస్తారు. ఆమెకు మాత్రం అలా పిలుచుకునే మనిషి లేకుండానే సగం జీవితం గడిచిపోయింది.

ఆమె భర్త కరెంటు పనిచేస్తాడు. తక్కువ మాట్లాడతాడు గానీ మాట్లాడితే షాకు కొడుతుంది. సంగతంతా విని, "ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. వేలిముద్రల మిషన్ పట్టిందన్నమాట" అన్నాడు.

"అది దొంగ కాదు."

"కాదా? ఇన్నాళ్లూ నీ పేరు తిన్నది, ఇప్పుడు నీ ఉద్యోగం తింటోంది. ఫిర్యాదు ఇచ్చిరా."

"ఇస్తే దాన్ని పట్టుకెళ్తారు."

"ఇవ్వకపోతే నిన్ను పట్టుకెళ్తారు. ఏదో ఒకటి తేల్చుకో" అని టెస్టర్ జేబులో పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు. పాపం, అతను అన్నదాంట్లో తప్పేం లేదు.

కోర్టు ఆవరణలో ఒక మూల ఉచిత సలహా గది ఉంది. నల్లకోటు కుర్చీ వీపుకు తగిలించి, ఫ్యాను కింద లాయరమ్మ కూర్చుని ఉంది. వయసులో దుప్పట్లమ్మకన్నా బాగా చిన్నది.

"మీ పేరు మీద ఇంకొకరు ఉద్యోగం చేస్తున్నారంటే ముందు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలమ్మా. దాని నకలు మీ ఆఫీసుకీ, వాళ్ల ఆఫీసుకీ, సర్టిఫికెట్ ఇచ్చిన బోర్డుకీ పంపాలి. మీకు చదువు చెప్పిన టీచర్లెవరైనా ఉంటే సాక్ష్యం చెప్పిద్దాం. వేలిముద్రలు పడకపోతే కంటిపాప ఫొటో తీస్తారు. దానికేం భయంలేదు."

"ఫిర్యాదు ఇవ్వకపోతేనో?"

"ఇవ్వకపోతే మీరే దొంగ. కాగితాల్లో ఆవిడ ముందొచ్చింది, మీరు తర్వాతొచ్చారు."

"ఎవరో తెలీదని రాయొచ్చా?"

"తెలిసి తెలీదని రాస్తే అదో తప్పు."

"సర్టిఫికెట్ నేనే ఇచ్చానంటే?"

"అప్పుడు మోసంలో మీకూ వాటా ఉన్నట్టు. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"పోనీ, ముందిచ్చి తర్వాత వెనక్కి తీసుకుంటే?"

లాయరమ్మ కలం కింద పెట్టింది. "మీరు రాజీపడినా సరిపోదమ్మా. మోసపోయింది మీరొక్కరే కాదు, ఇన్నేళ్లూ జీతమిచ్చినవాళ్లు కూడా. అయినా నేను చెప్పేదంతా మీకోసం, మీరడిగేదంతా ఆవిడకోసం. ఆవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస."

దానితో దుప్పట్లమ్మ చెప్పేసింది. చెప్పి, "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు మేడమ్. నాకది ఉద్యోగం కన్నా..." అని ఆపేసింది. లాయరమ్మ మంచినీళ్ల సీసా ముందుకు జరిపింది. అక్క తనంతట తానే వచ్చి ఒప్పుకుంటే, ఇన్నేళ్ల పనిలో మచ్చ లేకపోతే, కోర్టు కాస్త మెత్తబడొచ్చునంది. మాట మాత్రం ఇవ్వలేనంది.

దుప్పట్లమ్మ మర్నాడు సెలవు పెట్టి, గుమాస్తా తెర మీద చూసిన హాస్టల్ ఊరికి బస్సెక్కింది. ఎందుకెళ్తున్నావని అడిగితే చెప్పలేకపోయేది. ఫిర్యాదు ఇస్తానని చెప్పడానికా, ఇవ్వనని చెప్పడానికా? నిజం చెప్పాలంటే ఆ దారి పొడవునా ఆమె తలలో ఉద్యోగమూ లేదు, కేసూ లేదు. అక్క నన్ను గుర్తుపడుతుందా, ఆ ఒక్కటే.

హాస్టల్ గేటు దగ్గర కాపలా తాత ఆపాడు. "ఎవరు కావాలమ్మా?"

ఎవరు కావాలంటే ఏం చెప్పాలి? నోరు తెరిచి, తన పేరే తను చెప్పింది. తన పేరుగల మనిషి కావాలని జీవితంలో మొదటిసారి అడిగింది.

"వంటమ్మగారా? మహాతల్లి! ఎవరొచ్చారని చెప్పను?"

ఇక్కడ ఆమె ఇరుక్కుపోయింది. ఉన్న ఒక్క పేరూ లోపల వంటింట్లో ఉంది. ఒక్క క్షణం ఆగి, అక్క పేరు చెప్పింది. ఎత్తగూడదన్న పేరు, ఇంటిపేరుతో సహా.

తాత లోపలికెళ్లాడు. వంటింట్లో ఏదో పెద్ద మూత గచ్చు మీద పడి చాలాసేపు గిరగిరా తిరిగిన చప్పుడు. ఆ తర్వాత, తడిచేతులు తుడుచుకోవడం మరిచిపోయి, మెట్ల మీద అక్క కనిపించింది. పరుగెత్తి రాలేదు. అడుగులో అడుగేసుకుంటూ గేటు దాకా వచ్చి, చెల్లెలి ముఖాన్ని, మెడను, చేతులను చూసింది.

"నాన్న పంపాడా?"

"నాన్న పోయాడు."

"అమ్మ..."

చెల్లెలు తల దించుకుంది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. చెప్పకు. ఇప్పుడు చెబితే నేను వడ్డించలేను. పిల్లలు వరసలో నిలబడ్డారు."

ఆమె వడ్డిస్తుంటే దుప్పట్లమ్మ బల్ల చివర కూర్చుని చూసింది. "అమ్మా, నాకింకొంచెం" అంటూ ఆడపిల్లలు పేరుకు అమ్మ చేర్చి పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ దుప్పట్లమ్మ తలెత్తుతోంది, అక్క పలుకుతోంది. తన పేరును అంత ముద్దుగా పిలవొచ్చునని ఆమెకు ఆరోజే తెలిసింది. కొంచెం కుళ్లు కూడా కలిగింది. కలగదా మరి?

పిల్లలు వెళ్లాక సామాన్ల గదిలో బస్తాల మీద కూర్చున్నారు. అక్క ముందే అందుకుంది.

"ఎందుకొచ్చావో తెలుసు. ఎప్పుడో ఒకరోజు వస్తావని తెలుసు. వచ్చేది పోలీసులో నువ్వో తెలియక ఇన్నాళ్లూ గేటు చప్పుడైతే చాలు ఉలిక్కిపడ్డాను."

"నా సర్టిఫికెట్ చెదలు తిన్నాయని చెప్పింది అమ్మ."

"పెట్టె తాళం ఎవరి కొంగున ఉండేదే?"

దుప్పట్లమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"అమ్మే తీసిచ్చింది" అంది అక్క. "ఆరోజు చీకటితోనే లేపి, చేతిలో పెట్టి, చదువు లేకుండా నిన్నెవడూ పనిలో పెట్టుకోడు, ఇది పట్టుకుపో అంది. చెల్లి గతేంటమ్మా అన్నాను. దానికి మేమున్నాం, ఇప్పుడు నీ వంతు అంది. ఉద్యోగం దొరకగానే తిరిగిచ్చెయ్యమంది. చెప్పులు ఇచ్చినట్టే ఇచ్చింది. పేరు అలా ఇవ్వకూడదని అమ్మకేం తెలుసు? నాకూ తెలీదు. తెలిశాక ఇద్దామని వచ్చాను కూడా. మన పాత గదిలో వేరేవాళ్లున్నారు. మేస్త్రి ఎటు పోయాడో ఎవరికీ తెలీదు."

దుప్పట్లమ్మకు ఒళ్లు మండింది. అక్క మీద కాదు. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడమంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు, అయినా వచ్చింది. "నన్నొక్క మాట అడగలేదే అమ్మ! అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా" అంటూ ఏడ్చింది. అక్క దగ్గరికి తీసుకుంటే ఆ భుజం మీద పడి, చిన్నప్పుడు ఎప్పుడూ ఏడవనంతగా ఏడ్చింది.

"ఊరుకో. నీ పేరుకి నేను ఏ మచ్చా తేలేదు. కావాలంటే హాస్టల్లో ఎవర్నైనా అడుగు" అంది అక్క. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.

"నేను ఫిర్యాదు ఇవ్వను."

"ఇస్తావు. నేనే దగ్గరుండి ఇప్పిస్తాను. ఫిర్యాదులో నా పేరు రాయాలిగా? రాయనీ. దొంగ అని రాసినా సరే, నా పేరు ఒకచోట ఉంటుంది. ఇక్కడ నేను పోతే, నీ పేరుతోనే తగలేస్తారే. ఆ భయంతో నాకెన్ని రోజులు నిద్ర పట్టలేదో నీకు తెలీదు."

సోమవారం ఇద్దరూ లాయరమ్మ ముందు కూర్చున్నారు. లాయరమ్మ రాసుకుంటూ పోయింది. నిందితురాలి పేరు దగ్గర ఆగి తలెత్తింది. దుప్పట్లమ్మ అక్క వైపు చూసింది. అక్కే నిటారుగా కూర్చుని, బడిలో హాజరు పలికినట్టు, ఇంటిపేరూ తన పేరూ తండ్రి పేరూ చెప్పింది. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదోనని వంగి చూసింది.

"ఒక సంగతి ముందే చెప్పాలి" అంది లాయరమ్మ. "ఇది స్టేషన్లో ఇచ్చిన దగ్గర్నుంచీ ఒకరు ఫిర్యాది, ఒకరు నిందితురాలు. ఈవిడకు బెయిలిస్తే, మిమ్మల్ని కలవకూడదని, ఫోన్లో కూడా మాట్లాడకూడదని షరతు పెడతారు. కేసు తేలేదాకా అంతే."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేను. ఏళ్లు కూడా పట్టొచ్చు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. దుప్పట్లమ్మ కాగితాన్ని చేత్తో వెనక్కి నెట్టబోతే అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలో నీళ్లైనా ఉంటాయి. లాయరమ్మ కోటు తీసుకుని, "పక్క గదిలో పనుంది, కాసేపట్లో వస్తాను" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. పనేమీ లేదని ముగ్గురికీ తెలుసు.

ఫ్యాను తిరుగుతోంది. అక్క చెల్లెలి నున్నటి వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని చూస్తోంది.

"ఇప్పుడు చెప్పు" అంది. "అమ్మ ఎలా పోయింది?"

"ఇంట్లోనే. నా ఒళ్లోనే. నొప్పేం లేదు."

"నన్ను తలుచుకుందా?"

లేదని చెప్పాలి. ఒక్కసారి కూడా అక్క పేరు అమ్మ నోట రాలేదు, ఆఖరి రోజున కూడా. అబద్ధం చెబుదామా అని దుప్పట్లమ్మ ఒక్క క్షణం అనుకుంది. తర్వాత జరిగింది జరిగినట్టే చెప్పసాగింది.

"ఆ రోజంతా నా పేరే పిలిచింది. పక్కనే కూర్చున్నాను, ఇక్కడే ఉన్నానమ్మా అన్నాను. నా ముఖంలోకి చూసి, నువ్వు కాదే అంది. మళ్లీ తలుపు వైపు తిరిగి నా పేరే పిలిచింది. నేను పలికినప్పుడల్లా, నువ్వు కాదే, నువ్వు కాదే అని విసుక్కుంది. మనిషిని గుర్తుపట్టడం లేదనుకున్నాం. డాక్టరు కూడా..."

అక్క వేళ్లు ఆమె వేళ్ల మీద బిగుసుకున్నాయి.

"నిన్నే అక్కా" అంది దుప్పట్లమ్మ. "అమ్మ నిన్నే పిలిచింది."

అవతలి గదిలో ఎవరో కుర్చీ జరిపారు.

"ఎలా పిలిచింది?" అని అడిగింది అక్క. "ఒక్కసారి అమ్మలాగే పిలువు."

దుప్పట్లమ్మ గొంతు సవరించుకుని, తలుపు వైపు తిరిగి, చివరి అక్షరం సాగదీస్తూ తన పేరు తనే పిలిచింది.

"వస్తున్నానమ్మా" అంది అక్క.